జానెడు నీటి బరువు: గేట్ల దగ్గర పనిచేసే ఒక డైవరు రెగ్యులేటర్ సవరణ

గత వేసవిలో కృష్ణలో నీటిమట్టం బాగా తగ్గి, వరద వచ్చేలోగా గేట్ల మరమ్మతులు ముగించాలని ఆనకట్టల మీద అందరూ తొందరపడుతున్న రోజుల్లో, ఒక కాంట్రాక్టు డైవింగ్ బృందంలో పనిచేసే యువకుడు, నీటి అడుగున సిలిండరు గాలిని నోటికి అందించే తన రెగ్యులేటర్‌ను గోనెసంచిలో చుట్టుకొని హాలియాలోని నా వర్క్‌షాపుకు వచ్చాడు. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. సాగర్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టాడు. మొదట ఊళ్లలోని బావుల్లో, క్వారీ గుంతల్లో మునిగినవారిని బయటికి తీసే గజ ఈతగాడిగా పేరు తెచ్చుకొని, తరువాత విశాఖపట్నంలో శిక్షణ పొంది సిలిండరుతో దిగడం నేర్చుకున్నాడు. నీటికి భయపడే మనిషి కాడు గనుక, అతని ఫిర్యాదును ఉన్నదున్నట్టుగా రాసుకున్నాను.

"దమ్ము గుంజితే గుంజినంత వస్తలేదన్నా. గట్టిగ గుంజితే బండి ఇరుసు లెక్క మోగుతది. సగం సిలిండరు అయినంక ఇంకా బరువైతది. గేటు కాడ ఏం ఇనబడుతలేదు, ఇనాలంటే దమ్ము ఆపుకోవాల్సి వస్తున్నది."

ఈ నాలుగు మాటల్లో చివరిది నన్ను ఎక్కువగా కలవరపరిచింది. గేటు అడుగున, పక్కల ఉండే రబ్బరు సీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడడం అతని పనిలో ఒక భాగం. బురద నీటిలో చేతిని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నా కనిపించదు కాబట్టి ఆ పని ఎక్కువగా చెవితో, వేళ్లతో జరుగుతుంది. అవతలి వైపు నీళ్లు లేని గేటుకు పద్దెనిమిది మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.8 కిలోల ఒత్తిడి తేడా ఉంటుంది. అరచేయి పట్టేంత సందు దొరికితే చాలు, ఆ నీటి లాగుడు చేతిని పట్టుకొని వదలదు. అందుకే పైనుంచి కర్రకు కట్టిన పాలిథిన్ పీలికలతోనో రంగు నీటితోనో కారుడును ముందుగా గుర్తించకుండా డైవరును దించకూడదనేది నియమం. అది పాటించిన తరువాత కూడా లోపలున్న మనిషికి చెవి ఒక కాపలాయే. తన ఊపిరి మోతే ఆ కాపలాను ముంచేస్తుంటే అతను ఊపిరి బిగబట్టి వినడం అలవాటు చేసుకున్నాడు. పైకి వచ్చాక గంటల తరబడి నుదుటి నొప్పి ఉంటోందని, అడిగితే గానీ చెప్పలేదు. బరువుగా పీల్చడం, మధ్య మధ్య ఊపిరి ఆపడం, ఈ రెండూ కలిస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఆ నొప్పికి అదే కారణం కావచ్చని నేను అనుమానించాను. డాక్టరుకు చూపించుకోమని కూడా చెప్పాను.

ఈ రెగ్యులేటరుకు ఒక పూర్వ చరిత్ర ఉంది. ఏడాది క్రితం ఒడ్డున ఉండగానే మౌత్‌పీస్ నుంచి గాలి బుసబుసా కారుతుంటే బృందం వారు దాన్ని నగరంలోని ఒక దుకాణానికి పంపారు. కారుడు ఆగి తిరిగి వచ్చింది. బరువు మొదలైంది అప్పటి నుంచే. ఇలాంటి పరికరాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: కారుడును ఆపారా, కారణాన్ని ఆపారా?

డైవింగ్‌తో పరిచయం లేని పాఠకుల కోసం పని తీరు కొంచెం చెప్పాలి. సిలిండరులో 200 బార్ (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో) ఒత్తిడితో ఉన్న గాలిని, సిలిండరు మెడకు బిగించే ఫస్ట్ స్టేజ్, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9 నుంచి 10 బార్ ఎక్కువగా ఉండే మధ్యస్థ ఒత్తిడికి దించుతుంది. మేము దాన్ని ఐపీ అంటాము. ఆ గాలి గొట్టం ద్వారా నోటి దగ్గరి సెకండ్ స్టేజ్‌కు వస్తుంది. అక్కడ ఒక చిన్న డబ్బీలో రబ్బరు డయాఫ్రమ్ అనే పలుచని పొర, దాని కింద ఒక లీవర్, లీవర్ చివర పాపెట్ అనే చిన్న వాల్వు, ఆ వాల్వు ముఖాన మెత్తని సీటు, ఆ సీటు ఆనుకునే పదునైన లోహపు అంచు గల ఆరిఫిస్ ఉంటాయి. మనిషి పీల్చగానే డబ్బీలో ఒత్తిడి తగ్గి డయాఫ్రమ్ లోపలికి వంగుతుంది, లీవర్‌ను నొక్కుతుంది, సీటు ఆరిఫిస్ నుంచి లేస్తుంది, గాలి వస్తుంది. వాల్వు మొదటిసారి తెరుచుకోవడానికి కావలసిన పీల్పును క్రాకింగ్ ఎఫర్ట్ అంటారు. ఇక్కడ దాన్ని తెరిచే బలం అని రాస్తాను. దాన్ని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. బాగా సరిచేసిన సెకండ్ స్టేజ్‌లో అది రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటుంది.

విప్పే ముందు కొలవడం నా పద్ధతి. విప్పిన తరువాత కొలిస్తే మనం చేసిన తప్పు కూడా పాత తప్పుల్లో కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది. జాకెట్‌లోకి గాలి ఎక్కించే గొట్టానికి ఐపీ గేజ్ తగిలించి, 200 బార్ నిండిన సిలిండరు తెరిచాను. సెకండ్ స్టేజ్ ముందున్న, వేలితో నొక్కితే వాల్వు తెరుచుకునే పర్జ్ బటన్ నొక్కి వదలగానే ముల్లు 9.4 బార్ దగ్గర నిలిచింది. చూసినవారెవరైనా బాగానే ఉందని సిలిండరు కట్టేసేవారు. నేను టీ తాగి వచ్చేసరికి, అయిదు నిమిషాల్లో అది 10.9కి పాకింది. పావుగంటకు 11.6 చూపింది. ఫస్ట్ స్టేజ్‌లోని అధిక ఒత్తిడి సీటు పూర్తిగా మూసుకోవడం లేదని దీని అర్థం. సెకండ్ స్టేజ్‌లోని వాల్వు గాలి ఒత్తిడికి తెరుచుకునే దిశలోనే అమర్చి ఉంటుంది. ఐపీ హద్దు మీరితే అదనపు గాలిని వదిలి గొట్టాన్ని కాపాడాలని అలా చేస్తారు. ఏడాది కింద ఒడ్డున వినిపించిన బుస అదే. అది రోగం కాదు, ఫస్ట్ స్టేజ్‌లోని రోగాన్ని సెకండ్ స్టేజ్ నోరు తెరిచి చెప్పడం. దుకాణం వారు ఆ నోరు నొక్కారు.

తరువాత పర్జ్ పూర్తిగా నొక్కి పట్టి ఐపీ ఎంత పడుతుందో చూశాను. 200 బార్ దగ్గర 1.6 బార్ పడింది. సిలిండరు 60 బార్‌కు దిగాక అదే పరీక్షలో 3.2 బార్ పడింది. ఇది బ్యాలన్స్‌డ్ డయాఫ్రమ్ రకం ఫస్ట్ స్టేజ్. సిలిండరు నిండుగా ఉన్నా ఖాళీ అవుతున్నా ఒకే తీరుగా గాలి ఇవ్వడమే ఈ రకం గొప్పతనం. అలాంటిది సగం సిలిండరు తరువాత బరువెక్కుతుంటే, గాలి దారికి ఎక్కడో అడ్డు పడిందని అనుకోవాలి. లోపలికి వచ్చే చోట ఉండే ఫిల్టరు మీదికే నా అనుమానం పోయింది. "సగం అయినంక ఇంకా బరువైతది" అన్న అతని మాట కొలతతో సరిపోయినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాడే మనిషి చెప్పేది శ్రద్ధగా వింటే సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

తెరిచే బలం కొలవడానికి నా దగ్గరున్నది రంగు నీళ్లు పోసిన పారదర్శకమైన గొట్టం, చెక్క పలకకు యు ఆకారంలో బిగించినది, పక్కన స్కేలు. ఒక కొమ్మును రబ్బరు బిరడా ద్వారా మౌత్‌పీస్‌కు తగిలించి, మెల్లగా పీలుస్తూ, గాలి రావడం మొదలయ్యే క్షణాన రెండు కొమ్ముల మధ్య నీటి ఎత్తు తేడాను చూస్తే చాలు. వాల్వు స్ప్రింగు బిగువును మార్చే పక్క నాబ్ పూర్తిగా వదులు చేసి ఉన్నా 6.8 సెంటీమీటర్లు చూపింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే.

ఇక మోత. మోత ఏ ముక్కలో పుడుతోందో తేలకుండా విప్పితే చీకట్లో తడుముకున్నట్టే. నా దగ్గరున్న మంచి సెకండ్ స్టేజ్‌ను అతని ఫస్ట్ స్టేజ్‌కు తగిలించి గట్టిగా పీల్చాను. మోత లేదు. అతని సెకండ్ స్టేజ్‌ను నా ఫస్ట్ స్టేజ్‌కు తగిలించాను. ఇరుసు మోగినట్టే మోగింది. కాబట్టి మోత సెకండ్ స్టేజ్‌లోనిది. బరువు రెండింటిదీ.

విప్పి చూస్తే కథంతా అక్కడ రాసి ఉంది. ఫస్ట్ స్టేజ్‌లో నీరు తాకే గదిలో మెత్తని బూడిదరంగు ఒండ్రు పేరుకొని, స్ప్రింగు చుట్లలో ఎండి గట్టిపడింది. అది ఊహించినదే. కానీ నీరు ఎన్నడూ చేరకూడని గాలి దారిలో, ఫిల్టరు మీద, అధిక ఒత్తిడి సీటు పక్కన, తెల్లని సున్నపు పొర, దానికి తోడు అక్కడక్కడ చిలుము పచ్చగా కనిపించింది. ఆ సున్నం ఎక్కడిదో తెలుసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పని అయ్యాక పరికరాలు ఎలా కడుగుతారని అడిగితే, క్యాంపులోని బోరు నీటి డ్రమ్ములో ముంచి, ఒండ్రు అంతా పోవాలని పర్జ్ బటన్ నొక్కుతూ కడుగుతామని చెప్పాడు. శ్రద్ధతో చేసిన పనే, కానీ అదే రెగ్యులేటరు ప్రాణం తీసింది. సిలిండరు ఒత్తిడి లేకుండా పర్జ్ నొక్కితే వాల్వు తెరుచుకొని నీరు గొట్టంలోకి, అక్కడి నుంచి ఫస్ట్ స్టేజ్‌లోకి పోతుంది. నల్లగొండ బోరు నీరు అంటే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది అందరికీ. రెగ్యులేటరుకు మాత్రం ఆ నీటిలోని సున్నం పెద్ద శత్రువు. ఆరిన ప్రతిసారీ ఒక పొర వదులుతుంది, ఆ పొర పెళుసు రేణువులుగా ఊడి సీటు మీద పడుతుంది, 200 బార్ ఒత్తిడి ఆ రేణువును సీటులోకి గుచ్చుతుంది.

సెకండ్ స్టేజ్ సంగతి మరింత బాధ కలిగించింది. ఈ నమూనాలో రెండు సవరణలు ఉంటాయి. ఆరిఫిస్‌ను లోపలికో బయటికో తిప్పితే సీటు ఎక్కడ ఆనాలో, దానివల్ల లీవర్ ఎంత ఎత్తులో నిలవాలో మారుతుంది. పక్కనున్న నాబ్ స్ప్రింగు బిగువును మారుస్తుంది. ఇవి వేర్వేరు పనులు. కారుడు ఆపాలని ఆరిఫిస్‌ను అవసరానికి మించి లోపలికి తిప్పడంతో పాపెట్ వెనక్కి పోయి లీవర్ కిందికి దిగింది. డయాఫ్రమ్‌కూ లీవర్‌కూ మధ్య దాదాపు రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడింది. డబ్బీని చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లీవర్ టకటకమని కొట్టుకోవడం వినిపించింది. అతను పీల్చే ప్రతి ఊపిరిలో మొదటి భాగం ఆ ఖాళీని దాటడానికే ఖర్చవుతోంది. పైగా తిప్పేటప్పుడు పర్జ్ నొక్కి పట్టి సీటును పైకి లేపి ఉంచలేదని సీటే చెప్పింది: ఆరిఫిస్ అంచు దాని ముఖాన గుండ్రంగా, లోతుగా, ఒకచోట చిరిగేంతగా కోసింది. అదృష్టవశాత్తు పది రెట్లు పెంచి చూపే భూతద్దంలో ఆరిఫిస్ అంచు మాత్రం గీత లేకుండా ఉంది. అది దెబ్బతిని ఉంటే కొత్తది తెప్పించేదాకా పని ఆగిపోయేది.

బాగు చేయడంలో ఎక్కువ భాగం కడగడమే. లోహపు ముక్కలను వెనిగర్ కొద్దిగా కలిపిన నీటిలో అల్ట్రాసోనిక్ తొట్టిలో పది నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ నీటితో కడిగి, శుభ్రమైన గాలితో ఆరబెట్టాను. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే క్రోము పూత దెబ్బతింటుంది. ఓ-రింగులు తీయడానికి ఇనుప సూదులు వాడే అలవాటు చాలా చోట్ల ఉంది. నేను ఇత్తడి, ప్లాస్టిక్ కొనలే వాడతాను, ఎందుకంటే ఓ-రింగు కూర్చునే గాడిలో పడ్డ ఒక్క గీత జీవితాంతం కారుతుంది. తయారీదారు సర్వీసు కిట్‌లోని ఫిల్టరు, సీట్లు, ఓ-రింగులు అన్నీ కొత్తవి వేశాను, పాపెట్ కాడకు ఉండే ఒక చిన్న ఓ-రింగును తప్ప. దాన్ని కావాలనే పాతదే ఉంచాను. కారణం కాసేపట్లో చెబుతాను.

ఫస్ట్ స్టేజ్‌ను ముందు సరిచేయాలి. ఐపీ నిలకడగా లేకుండా సెకండ్ స్టేజ్‌ను సవరించడం, కదులుతున్న తక్కెడలో తూకం వేయడం వంటిది. కొత్త సీటు కుదురుకోవడానికి పర్జ్‌ను నొక్కుతూ వదులుతూ యాభైసార్లకు పైగా గాలి వదిలి, ఐపీని 9.5కు పెట్టి, రెండు గంటలు వదిలేశాను. 9.6 దాటలేదు. 60 బార్ దగ్గర పర్జ్ నొక్కితే పడేది ఇప్పుడు 1.1 బార్ మాత్రమే.

ఆపై సెకండ్ స్టేజ్. నాబ్ పూర్తిగా వదులు చేసి, ఆరిఫిస్‌ను వెనక్కి తీసి, గాలి కారడం మొదలయ్యేలా పెట్టాను. లీవర్‌ను నొక్కి పట్టుకొని ఆరిఫిస్‌ను ఒక చుట్టులో ఎనిమిదో భాగం చొప్పున లోపలికి తిప్పుతూ, ప్రతిసారీ వదిలి వింటూ, బుస ఆగిన చోట ఆగి, ఇంకో వెంట్రుకవాసి ముందుకు జరిపాను. డయాఫ్రమ్ పెట్టి మూత బిగిస్తే లీవర్ దాన్ని తాకీ తాకనట్టు ఉంది. డబ్బీ ఊపితే చప్పుడు లేదు.

ఇప్పుడు గట్టిగా పీలిస్తే మోత మళ్లీ వచ్చింది. నేను కోరుకున్నది అదే. సీటు కొత్తది, లీవర్ ఎత్తు సరైనది, అయినా మోగుతోందంటే మిగిలింది ఆ పాత ఓ-రింగు ఒక్కటే. పాపెట్ కాడ చుట్టూ ఉండే ఆ ఓ-రింగు గాలి ఆపడంతో పాటు, స్ప్రింగు మీద తేలుతూ ఉండే పాపెట్ కంపించకుండా పట్టి ఉంచుతుంది. అది ఎండి గట్టిపడితే పాపెట్ గాలి ప్రవాహంలో వణుకుతుంది, డబ్బీ ఆ వణుకును బూరలా పెద్దది చేస్తుంది. కొత్త ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు వేలికి అంటీ అంటనంత రాసి వేశాను. మోత పోయింది. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే మోత అప్పుడే పోయేది గానీ ఎందుకు పోయిందో తెలిసేది కాదు, వచ్చే ఏడాది మళ్లీ వస్తే మళ్లీ మొదటికే వచ్చేవాళ్లం.

బయటికి వదిలే వైపును చాలామంది పట్టించుకోరు. పీల్చడం తేలికైన రెగ్యులేటర్‌లో మొత్తం శ్రమలో గణనీయమైన భాగం వదలడంలోనే ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 కూడా పీల్పునూ వదలడాన్నీ కలిపే లెక్కిస్తుంది. 50 మీటర్ల లోతున, నిమిషానికి 62.5 లీటర్ల ఊపిరి దగ్గర, లీటరుకు 3 జౌళ్ల శ్రమ దాటకూడదని దాని హద్దు. ఈ డైవరు ఎగ్జాస్టు వాల్వు రబ్బరు రేకు కింద ఒండ్రు చేరి అంచు మడతపడింది. ఊపిరితో పాటు నీటి తుంపర నోట్లోకి వస్తోందని అతను తరువాత ఒప్పుకున్నాడు. బుడగలను చెంపల వెనక్కి మళ్లించే రబ్బరు తొడుగులో ఒక వైపు ముక్క ఊడిపోయి ఉంది, అందుకే కుడి చెవి పక్కనే బుడగల మోత. రేకునూ తొడుగునూ మార్చాను.

మొదటి సవరణలో తెరిచే బలం 2.3 సెంటీమీటర్లకు వచ్చింది. అతను నోట్లో పెట్టుకొని పీల్చి, ముఖం వికసించి, "ఇట్లనే ఉంచన్నా, ఇంకొంచెం లూజు చేసినా మంచిదే" అన్నాడు. ఇక్కడ అతని మాట వినలేదు. వర్క్‌షాపు వెనక సిమెంటు తొట్టిలో బోర్లా పడుకోమన్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎగ్జాస్టు నుంచి బుడగలు తమంతట తామే కారాయి. బోర్లా ఉన్నప్పుడు డయాఫ్రమ్ కిందికి, ఎగ్జాస్టు వాల్వు దానికంటే పైకి వస్తుంది. లోపలి గాలి పైనున్న ఎగ్జాస్టు దగ్గరి తక్కువ ఒత్తిడికి కుదురుకుంటే, కిందనున్న డయాఫ్రమ్ మీద నీరు ఎక్కువగా నొక్కుతుంది. ఈ డబ్బీలో ఆ రెండింటి మధ్య ఎత్తు తేడా 2.6 సెంటీమీటర్లు. తెరిచే బలం అంతకంటే తక్కువైతే కారక తప్పదు. 3.1 దగ్గర పెట్టాను. బోర్లా పడుకోబెట్టి మళ్లీ చూశాం, ఒక్క బుడగ రాలేదు.

ఈ ఎత్తు తేడా కథ డైవింగ్ రెగ్యులేటర్ పుట్టుకతోనే ఉంది. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి కూస్తో, ఇంజనీరు గాన్యాన్ తమ తొలి పరికరాన్ని పరీక్షించింది సముద్రంలో కాదు, పారిస్ దగ్గరి మార్న్ నదిలో. నిలువుగా ఉంటే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే పీల్చడం కష్టమైంది, అడ్డంగా ఉంటే మాత్రం బాగా పనిచేసింది. గాలి వచ్చే చోటు, పోయే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండడమే లోపమని గ్రహించి రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చారు. ఎనభై ఏళ్ల తరువాత హాలియాలోని సిమెంటు తొట్టిలో మేము చూసింది అదే సూత్రం.

అతనికి నేను చెప్పిన అసలు విషయం ఆ తొట్టి గట్టు మీదే చెప్పాను. గేటు దగ్గర అతను నిలువుగా నిలబడి, తల వెనక్కి వంచి, పై సీలును చూస్తూ పనిచేస్తాడు. ఆ భంగిమలో డయాఫ్రమ్ అతని ఊపిరితిత్తుల నడిమి భాగం కంటే జానెడుకు పైగా ఎత్తులో ఉంటుంది. రెగ్యులేటరు డయాఫ్రమ్ దగ్గరి ఒత్తిడితో గాలి ఇస్తుంది, ఛాతీ మీద నొక్కేది జానెడు కింది నీరు. అంటే తెరిచే బలం మూడు సెంటీమీటర్లే అయినా, అతని ఛాతీ ప్రతి ఊపిరికీ ఇరవై సెంటీమీటర్లకు పైగా నీటిని ఎత్తుతోంది. ఆ బరువును ఏ నాబూ తీయలేదు. తీయగలిగేది ఒళ్లు వాలడమే. నిలువుగా ఉండడానికి చీలమండలకు కట్టుకునే బరువులు తీసేసి, నడుము పట్టీలోని రెండు కిలోలను సిలిండరు పట్టీ పైభాగానికి మార్చి, ఛాతీ ముందుకు వాలేలా పనిచేయమని చెప్పాను. మొదట నమ్మలేదు. తొట్టిలో గొంతు లోతు నీటిలో నిలబడి ఒకసారి, వాలి ఒకసారి పీల్చి చూశాక నమ్మాడు.

నాబునూ, నోటి దగ్గరి వెంచురీ మీటనూ వాడే తీరు కూడా మార్చాం. మీట ప్లస్ వైపు ఉంటే వచ్చే గాలి సూటిగా నోట్లోకి దూసుకుపోతూ డబ్బీలో ఒత్తిడిని తగ్గించి డయాఫ్రమ్‌ను వంచే ఉంచుతుంది, తెరుచుకున్న తరువాత పీల్పు దాదాపు దానంతట అదే సాగుతుంది. నీటిపైన అదే మీట ఆగని కారుడుకు కారణమవుతుంది కనుక దూకేటప్పుడు మైనస్, దిగాక ప్లస్. చలి దేశాల్లో మంచు కట్టి గాలి ఆగకుండా కారకూడదని రెగ్యులేటర్‌ను కావాలనే బిగువుగా ఉంచమని చెబుతారు. మే నెల కృష్ణ నీటిలో ఆ సలహాకు చోటు లేదు. సముద్రమట్టం నుంచి ఎత్తు లెక్క కూడా ఇక్కడ అడ్డురాదు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు, రెండూ ఏ లోతున ఎంతసేపు ఉండవచ్చో చెప్పే డైవింగ్ పట్టికలు మార్చాల్సిన 300 మీటర్లకు లోపే.

తొలి పరీక్ష ఊరి బయట నీళ్లు నిండిన ఒక పాత గ్రానైట్ క్వారీలో, తొమ్మిది మీటర్ల లోతున, తాడు పట్టుకునే మనిషిని, సిద్ధంగా ఉన్న రెండో డైవరును, అదనపు సిలిండరును పెట్టుకొని చేశాం. అతను పైకి వచ్చి మౌత్‌పీస్ తీసి, ఒడ్డున వాళ్లు మాట్లాడుకుంటున్నంత స్పష్టంగా నీటి లోపలికి రాయి జారిన చప్పుడు వినబడిందన్నాడు. వారం తరువాత గేటు పని. అతని పాత లాగ్‌బుక్‌లో అదే రకం పనికి 18 మీటర్ల దగ్గర 12 లీటర్ల సిలిండరు 200 నుంచి 70 బార్‌కు రావడానికి 22 నిమిషాలు పట్టినట్టు ఉంది. ఆ లోతు ఒత్తిడి 2.8 బార్ కాబట్టి ఉపరితల లెక్కలో నిమిషానికి దాదాపు 25 లీటర్లు. కొత్త సవరణతో అంతే గాలి 29 నిమిషాలు వచ్చింది, నిమిషానికి 19 లీటర్లు. ఒక మనిషి, వేర్వేరు రోజులు, భంగిమ కూడా మారింది. కాబట్టి ఈ తేడా అంతా రెగ్యులేటరుదేనని నేను అనను. తలనొప్పి మాత్రం ఆ తరువాత ఆరుసార్లు నీటిలోకి దిగినా ఒక్కసారీ రాలేదని చెప్పాడు, డాక్టరు కూడా వేరే కారణమేదీ కనబడలేదన్నారట. ఊపిరి ఆపి వినడం మానేశాడా అని గట్టిగా అడిగాను. "ఆపాల్సిన పనే పడ్తలేదన్నా" అన్నాడు.

కడిగే పద్ధతి మార్చడానికి క్యాంపుకు నేనే వెళ్లాను. ఇప్పుడు బోరు నీటి డ్రమ్ము స్థానంలో ఫిల్టరు నీటి డబ్బా ఉంది. ఫస్ట్ స్టేజ్ మూతను ఆరబెట్టి బిగించాకే ముంచుతారు, పర్జ్ ముట్టరు. పర్జ్ నొక్కి తీరాలంటే సిలిండరుకు తగిలించి, గాలి తెరిచి ఉంచి కడుగుతారు. దాచేటప్పుడు సీటు మీద గాడి పడకుండా నాబ్‌ను పూర్తిగా వదులు చేస్తారు.

మూడు నెలల తరువాత, వరద తగ్గాక, అదే రెగ్యులేటర్ మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. ఐపీ 9.6 దగ్గర కదలకుండా ఉంది. తెరిచే బలం 3.3. సీటు మీద సన్నని గుండ్రని గుర్తు పడింది, అది సహజమే. ఫిల్టరు మెరుస్తోంది. దానితో పాటు అతను బృందంలోని మిగతా రెండు రెగ్యులేటర్లు కూడా తెచ్చాడు. వాటిలో ఒకదాని ఐపీ పావుగంటలో 9.3 నుంచి 10.8కి పాకింది. దాన్ని వాడే డైవరుకు ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ డైవరు ఒడ్డుకు వచ్చేదాకా దాన్ని విప్పనని, అతని మాట కూడా విన్నాకే మొదలుపెడతానని చెప్పి, గేజ్ తగిలించినట్టే ఉంచాను.